తాజ్‌బీ నోటి ఉప్పు

ధరూర్ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి కుదిరిందంటే, పందిరి వేసేవాణ్ణి అడగకముందే తాజ్‌బీని అడిగేవాళ్ళు. దూదేకుల ఇంటి కోడలు. వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగే. బగారా అన్నం, అందులోకి పప్పుతో చేసే దాల్చా, మాంసం కూర ఆమె చేతిలో ఎట్లా కుదిరేవంటే, విందు తిన్నవాళ్ళు పెళ్ళికూతురి పేరు మరిచినా వంటామె పేరు మరిచేవాళ్ళు కాదు.

భర్త లాల్ అహ్మద్ ధరూర్‌కూ గద్వాలకూ మధ్య షేర్ ఆటో తిప్పుతాడు. వంట పని ఉన్న రోజు మామూలు సవారీలను ఎక్కించుకునేవాడు కాదు. వెనక సీట్లో తాజ్‌బీని, ఆమెకు తోడుగా వచ్చే సాయమ్మను కూర్చోబెట్టి, కాళ్ళ దగ్గర గంటెలూ జల్లెడలూ సర్ది బయల్దేరేవాడు. పొయ్యి రాజేయడానికి, మాంసం కడగడానికి ఎవరైనా ఉండేవాళ్ళు. ఉప్పు మాత్రం తాజ్‌బీదే. ఉడుకుతున్న దాల్చాను గంటెతో తీసి, ఎడమ అరచేతిలో ఓ చుక్క వేసుకుని, నాలుకకు తాకించి కళ్ళు మూసుకునేది. "ఇంకో పిడికెడు" అనేది, లేదంటే "సాలు, ఇగ ముట్టకుండ్రి" అనేది. ఆమె సాలు అన్నాక ఇంకెవరూ రుచి చూసేవాళ్ళు కాదు. అవసరం ఉండేది కాదు.

తేడా మొదట రొట్టె దగ్గర కనిపించింది. జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ ఉంటే చాలనుకునే మనిషి, ముద్ద ముద్దకూ నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. ఎండాకాలం కదా అనుకున్నాడు లాల్ అహ్మద్. వానలు పడ్డాయి, చలి వచ్చింది, నీళ్ళ సీసా మాత్రం ఆమె చేతిని విడవలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది. నాలుక అంగిటికి అంటుకుపోయిందని, ఒక గుక్క తాగి మళ్ళీ మాట అందుకునేది.

"నోట్ల పత్తి కుక్కినట్లుంది, ఇష్రత్ నాయినా" అంది ఒకరోజు. ఇష్రత్ వాళ్ళకు ఒక్కతే బిడ్డ, గద్వాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది.

తర్వాత చెవుల కింద బుగ్గలు వాచాయి. ఊళ్ళో సూదులేసే వైద్యుడు గవదబిళ్ళలన్నాడు, మందు పూశాడు. తగ్గాయి. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ గవదబిళ్ళలే అన్నాడు. కళ్ళలో ఇసుక పడ్డట్టుందంటే పొయ్యి పొగ అన్నాడు. పళ్ళు చిగుళ్ళ దగ్గర నల్లబడి, రొట్టె కొరికితే ముక్కలై చేతిలోకి వచ్చేవి. నలభై దాటిన ఆడమనిషికి పళ్ళు పోవడం పెద్ద వింతేమీ కాదని అందరూ అన్నారు. ఎండిన నోరు, వాచిన బుగ్గ, మండే కన్ను, రాలే పన్ను, ఇవన్నీ ఒకే రోగమని ఎవరికీ తట్టలేదు.

ఆ మధ్యనే తాజ్‌బీ తల్లి పోయింది. పుట్టిల్లు బిజినేపల్లి దగ్గర. కబురు రాగానే లాల్ అహ్మద్ ఆటోలోనే తీసుకుపోయాడు. గద్వాల దాటి, బీచుపల్లి వంతెన మీదుగా, వనపర్తి గుండా, ఆ దారి పొడుగునా తాజ్‌బీ గొంతు చించుకుని ఏడ్చింది. ఇంటికి చేరి తల్లి కాళ్ళ మీద పడి ఏడ్చింది. కానీ ముఖం పొడిగా ఉంది. కళ్ళు చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి తప్ప ఒక్క చుక్క రాలలేదు.

ఆడవాళ్ళ మధ్య తమ్ముడి భార్య ఫిర్దోస్ అది చూసింది. చూసినది చూసినట్టు ఊరుకోలేదు. "నోటితోటే ఏడుస్తుంది. కంట్ల తడి ఏది?" అంది పక్కామెతో, అందరికీ వినపడేలా. ఆ మాట గడప దాటి మగవాళ్ళ దాకా పోయింది. తల్లి మంచాన పడ్డప్పుడు తాజ్‌బీ పెళ్ళిళ్ళ వంటలని తిరిగిందే తప్ప వచ్చి పది రోజులు కూర్చోలేదన్న కోపం తమ్ముడు పర్వేజ్‌కు అప్పటికే ఉంది. మట్టి చేసి వచ్చాక అక్క ముఖం కూడా చూడలేదు. తిరుగు ప్రయాణమప్పుడు తాజ్‌బీ "పోయొస్తరా తమ్మీ" అంటే, మనిషి లేచి లోపలికి పోయాడు.

"నాకు ఏడుపొస్తలేదా?" అని దారిలో మొగుణ్ణి అడిగింది. "నువ్వు సూడలేదా నేను ఏడ్సుడు?"

"సూసిన" అన్నాడు లాల్ అహ్మద్. నిజానికి అతనికీ అది వింతగానే ఉంది.

ఆ ఏడే ఇటిక్యాలలో వేరుశనగ రైతు బాలస్వామి కూతురి పెళ్ళి. తాజ్‌బీ ఎప్పట్లాగే అరచేతిలో చుక్క వేసుకుంది, నాలుకకు తాకించింది, కళ్ళు మూసుకుంది. ఈసారి చాలాసేపు మూసుకునే ఉంది. "ఇంకో పిడికెడు" అంది. సాయమ్మ వేసింది. "ఇంకోటి." సాయమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది, కానీ తాజక్క మాటకు ఎదురు మాట ఎన్నడూ లేదు కనుక వేసింది.

మొదటి బంతి సగంలోనే జనం లేచారు. కొందరు విస్తరిలోనే ఉమ్మారు. మగపెళ్ళివారి పెద్దమనిషి ఒకాయన చెయ్యి కడుక్కోకుండానే కుర్చీ తన్ని బయటికి నడిచాడు. బాలస్వామి గిన్నె పట్టుకుని పొయ్యిల దగ్గరికి వచ్చాడు. తిట్టే మనిషి కాడు, గిన్నెను ఆమె ముందుకు చాచాడు.

"ఏందమ్మ గిది? నా మీద పగ ఉంటే నన్ను అడుగు. పిల్ల పెండ్లి ఎందుకు పాడుజేసినవ్?"

తాజ్‌బీ గిన్నెలో వేలు ముంచి నాకింది. అందరి ముఖాలూ చూసింది. "నాకైతే సప్పగనే ఉందన్న" అంది. గుంపులో ఎవరో నవ్వారు. ఆమె నవ్వించడానికి అనలేదని లాల్ అహ్మద్ ఒక్కడికే అర్థమైంది. ఆ ముఖంలో భయం కనిపించింది అతనికి, బురదలో దిగబడిన గొడ్డు చూసే చూపు.

ఆ పెళ్ళి తర్వాత పిలుపులు ఆగిపోయాయి. ఎవరూ వచ్చి మానెయ్యమనలేదు. వేరే ఊరి వంటవాళ్ళ పేర్లు వినపడ్డాయంతే. తాజ్‌బీ ఇంట్లో ఊరికే కూర్చునేది. ఉప్పు డబ్బాలోంచి ఒక రవ్వ తీసి నాలుక మీద పెట్టుకుని, అది కరగక, తెలియక, నీళ్ళతో మింగేసేది.

చలికాలం తెల్లవారుజామున ఆమె కేక విని లాల్ అహ్మద్ పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తాడు. మంచం మీద పడుకున్నట్టే ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి.

"కాళ్ళు కదుల్తలేవయ్యా. సేతులు కూడ లేస్తలేవు."

అతను చెయ్యి పట్టుకుని లేపితే తడిగుడ్డలా జారిపోయింది. మాట బాగానే వస్తోంది, తెలివి బాగానే ఉంది, మెడ కింద మాత్రం మనిషి లేనట్టే. ఇరుగుపొరుగు పోగయ్యారు. గాలి సోకిందన్నారు ఒకరు, దర్గాకు ఎత్తుకుపొమ్మన్నారు ఇంకొకరు. సూదులేసే వైద్యుడు వచ్చి, నీరసమని చెప్పి గ్లూకోజు సీసా ఎక్కించాడు. సీసా సగమయ్యేసరికి ఆమె ఊపిరి చిన్నదైపోయింది. చక్కెర నీళ్ళు ఆ సమయంలో ఆమెకు మేలు కాదు, కీడని తర్వాత ఎప్పుడో తెలిసింది. ఇష్రత్ గద్వాల నుంచి ఫోన్‌లో అరిచింది: "నాయినా, సీసాలు బంజేపియ్. నూటెనిమిదికి ఫోన్ గొట్టు. కర్నూలుకు తీస్కపో."

కర్నూలు దవాఖానలో రక్తం తీసి చూసి, రక్తంలో పొటాషియం అడుగంటిందన్నారు. నరంలోకి సన్నగా, చుక్కచుక్కగా ఎక్కించారు. సాయంత్రానికి వేళ్ళు కదిలాయి. మర్నాటికి తనంతట తాను పక్కకు తిరిగింది. అప్పుడు వచ్చింది వర్ష అనే చిన్నవయసు డాక్టరమ్మ. నోరు తెరవమని, టార్చి వేసి చూసి, నాలుకను చిన్న చెక్కపుల్లతో తాకింది. పుల్ల అంటుకుంది.

"అమ్మా, మీకు నోరు ఎప్పట్నుంచి ఎండుతోంది?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. తాజ్‌బీ చెప్పడం మొదలుపెట్టి ఆగలేదు. రొట్టె, పళ్ళు, బుగ్గలు, కళ్ళు, అన్నీ చెప్పింది. డాక్టరమ్మ తల ఊపుతూ విన్నది. ఇంకో రెండు పరీక్షలు రాసింది. అవి వచ్చాక మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"నోటి రోగానికి కాళ్ళెందుకు పడిపోయినయ్ మేడం?" అని అడిగాడు లాల్ అహ్మద్.

"రెండు చోట్లా చెడింది ఒకే రకం గొట్టాలండీ" అంది వర్ష. తొందర లేకుండా చెప్పింది. చెవి కింద, దవడ కింద ఉమ్మి తయారయ్యే గ్రంథులు ఉంటాయి. అక్కడ పుట్టినప్పుడు ఉమ్మి రక్తంలోని నీరంత ఉప్పగా ఉంటుంది. నోట్లోకి రావడానికి అది వెంట్రుకల్లాంటి సన్నని గొట్టాల్లోంచి నడవాలి. ఆ గొట్టాల గోడలు దారిలోనే ఉప్పును వెనక్కి లాగేసుకుంటాయి, నీటిని మాత్రం లాక్కోవు. బదులుగా కాస్త పొటాషియం, కాస్త సోడా ఉప్పు లాంటిది అందులో కలుపుతాయి. పళ్ళను పులుపు తినెయ్యకుండా కాపాడేది అదే. అట్లా నోటికి చేరేసరికి ఉమ్మి చప్పగా అవుతుంది. ఉమ్మి చప్పగా ఉంటేనే కూరలో ఉప్పు నాలుకకు తెలుస్తుంది. "మీ ఒంట్లో జబ్బులతో పోరాడాల్సిన కణాలే దారి తప్పి ఆ గొట్టాల చుట్టూ చేరి వాటిని తినేస్తున్నాయి. ఉమ్మి తగ్గిపోయింది. వచ్చే కాసింతా ఉప్పు తియ్యకుండానే వస్తోంది. మూత్రపిండాల్లోనూ ఇట్లాంటి సన్నగొట్టాలే ఉంటాయి. ఏ లవణం ఉంచుకోవాలి, ఏది వదలాలి అని చూసేది అవే. అవి చెడేసరికి పొటాషియం అంతా మూత్రంలో పోయింది. అది లేకపోతే కండ కదలదు. గుండె కూడా కండే."

తాజ్‌బీ కప్పు వైపు చూస్తూ వింది. "అంటే నా నోట్ల ముందుగాలనే ఉప్పు ఉంటుండె. అందుకే కూరల ఉప్పు నాకు తెల్వలేదా?"

"అందుకేనమ్మా."

"కండ్లు?"

"కన్నీళ్ళ గ్రంథులు కూడా అంతే. ఎండిపోయాయి."

తాజ్‌బీ మొగుడి వైపు తల తిప్పింది: "బాలస్వామన్నకు గీ ముచ్చట ఎవరు జెప్తరు?"

నయమయ్యే జబ్బు కాదని, మందులతో నడిపించుకోవాల్సిందేనని డాక్టరమ్మ చెప్పింది. పొటాషియం సిరప్ రోజూ పూటపూటకూ తాగాలి. ఒక్కరోజు కూడా మానకూడదు. తీపి ఎక్కువగా తినకూడదు, అది రక్తంలోని పొటాషియాన్ని ఇంకా దించేస్తుంది. విరేచనాలైనా, వాంతులైనా, ఎండలో బాగా చెమట పోసినా వెంటనే రావాలి. ఆ మాటలు ఆమె లాల్ అహ్మద్ కళ్ళలోకి చూసి రెండుసార్లు చెప్పింది.

దవాఖాన వరండాలోంచే అతను పర్వేజ్‌కు ఫోన్ చేశాడు. డాక్టరమ్మ చెప్పినదంతా తనకు వచ్చినట్టు చెప్పాడు. అక్క కళ్ళలో నీళ్ళు రాకపోవడం రోగం వల్లేనని చెప్పాడు.

"దవాఖానోళ్ళు ఏదన్న జెప్తరు బావా. సరిగ్గ అమ్మ సచ్చిననాడే ఎండిపోయినయా కండ్లు?"

ఈ మాట తాజ్‌బీకి చెప్పలేదు లాల్ అహ్మద్. తమ్ముడు పలకరించాడా అని ఆమె కూడా అడగలేదు.

సిరప్ తాగడం శిక్షే. ఒరిసిన నోట్లో అది నిప్పులా మండేది. కడుపులో తిప్పేది, ఒక్కోసారి బాత్‌రూంకు పరుగులు పెట్టించేది. హాస్టలు వదిలి ఇంటికి వచ్చేసిన ఇష్రత్, కళాశాల నుంచి వచ్చీ రాగానే గ్లాసులో నీళ్ళతో కలిపి ఎదురుగా నిలబడి తాగించేది. మిగిలిన పళ్ళు కూడా తీయించేశారు. గంజి, మెత్తటి సంకటి తిని బతికింది తాజ్‌బీ. ఇంట్లో కూర వండినా ఉప్పు ఇష్రతే వేసేది. సాయమ్మ ఇప్పుడు తనే వంటలు పట్టేది. అప్పుడప్పుడు వచ్చి కూర్చుని, ఏ పెళ్ళిలో ఏం జరిగిందో చెప్పేది. ఆ కబుర్లు వినేటప్పుడు తాజ్‌బీ ముఖంలో కాస్త ప్రాణం కనిపించేది. ఆమె వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకునేది.

అట్లా ఉండగా మండే ఎండల్లో ఒకనాడు పర్వేజ్ వచ్చాడు. ముందు చెప్పలేదు, గుమ్మంలో నిలబడ్డాడు. కొడుకు ముదస్సిర్‌కు పెళ్ళి. అక్కను చూసి అతను ఆగిపోయాడు. పళ్ళు లేని నోరు, లోపలికి పోయిన బుగ్గలు, చేతిలో నీళ్ళ సీసా. ఆరోగ్యం గురించి ఏమీ అడగలేదు. తల్లి ఊసు ఎత్తలేదు.

"వలీమ మనింట్లనే అక్కా" అన్నాడు, పెళ్ళికొడుకు ఇంట్లో పెట్టే విందు గురించి. "నువ్వే వండాలె. ఇంకొకరిని నేను పిలవను."

లాల్ అహ్మద్ అడ్డుపడ్డాడు. "పర్వేజ్, అది ఇప్పుడు పొయ్యికాడ నిలబడే మనిషి గాదు. దానికి ఉప్పు..."

"సాయమ్మొస్తది" అంది తాజ్‌బీ, మాట పూర్తి కానివ్వకుండా. "ఉప్పు సాయమ్మ సూస్తది. నేను వండుత." లేచి తమ్ముడికి నీళ్ళు తేవడానికి పోయింది. నడకలో తొందర ఉంది. ఆ నడక చూశాక లాల్ అహ్మద్ మళ్ళీ వద్దనలేదు.

ఇష్రత్‌కు పరీక్షలు, రాలేకపోయింది. సిరప్ సీసా సంచిలో పెట్టి, పూటపూటకూ తాగించమని తండ్రికి మరీ మరీ చెప్పింది.

బిజినేపల్లిలో ఇల్లు నిండా చుట్టాలు. ఉన్నది ఒక్క బాత్‌రూం, దాని ముందు ఎప్పుడు చూసినా ఆడవాళ్ళ వరస. ఇంటి వెనక రేకుల కింద పొయ్యిలు. గాడ్పు, మంట రెండూ కలిసి కొట్టేవి. తాజ్‌బీ కొంగు బిగించి, ఒకరికి అల్లం నూరమని, ఒకరికి బియ్యం కడగమని చెబుతూ, పాత తాజ్‌బీలా తిరిగింది. లాల్ అహ్మద్ వచ్చి "మందు తాగినవా?" అంటే "తాగిన, తాగిన" అంది. మళ్ళీ అడిగితే విసుక్కుంది. "అందరి ముంగట గదే ముచ్చటా?"

దాల్చా ఉడుకుపట్టాక సాయమ్మ అరచేతిలో చుక్క వేసుకుని నాకింది. "ఇంకొంచెం అక్కా" అంది. "నీ ఇష్టం. నన్ను అడగకు" అంది తాజ్‌బీ. పక్కకు తిరిగి గంజు గిన్నెలో గంటె తిప్పుతూ ఉండిపోయింది.

విందు కుదిరింది. పొయ్యిల దగ్గరికి ఫిర్దోస్ తనే కంచం తీసుకొచ్చి, మెత్తగా పిసికిన బగారా అన్నంలో దాల్చా కలిపి, పక్కన ఇంత తియ్యటి మీఠా పెట్టి, "తిను వదినా, పొద్దటిసంది ఏం తినలే" అంది. అత్త చావునాడు తను అన్న మాటను గురించి ఆమె ఏమీ అనలేదు. తాజ్‌బీ గుక్క గుక్క నీళ్ళతో అంతా తినేసింది. పర్వేజ్ దూరం నుంచి చూశాడు. ఆ సాయంత్రం అక్కాతమ్ముళ్ళిద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చుని, చిన్నప్పుడు చేనుకాడ గొర్రెల వెంట తిరిగిన సంగతులేవో చెప్పుకున్నారు. లాల్ అహ్మద్ ఆమె నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

మర్నాడు పొద్దున ఆమె లేవలేదు. ఈసారి కేక కూడా వేయలేదు. వేసే శక్తి లేదు. లాల్ అహ్మద్ కదిపితే కళ్ళు అతని వైపు తిరిగాయి. పెదాలు కదిలాయి, చెవి దగ్గర పెడితే తప్ప వినపడలేదు.

"తాగలేదయ్యా. తాగితె కడుపు నిలవదు. గా వరుసల యాడ నిలబడత?"

సంచి తెరిచాడు. సీసాకు మూత తీసిన గుర్తే లేదు. బయల్దేరినప్పటి నుంచి ఒక్క పూట కూడా తాగలేదు. చెమటలు కారే పొయ్యి దగ్గర రోజంతా, మందు లేకుండా, మీద తీపి తిని. డాక్టరమ్మ ఏవేవి కూడదన్నదో అవన్నీ ఒకేచోట కలిశాయి.

పర్వేజ్, తను చెరో పక్క పట్టి ఆటోలో పడుకోబెట్టారు. అంబులెన్సు కోసం ఆగే ధైర్యం లాల్ అహ్మద్‌కు లేకపోయింది. నాగర్‌కర్నూల్ దారి పట్టాడు. వెనక పర్వేజ్ అక్క తల ఒళ్ళో పెట్టుకుని, "అక్కా, ఊపిరి పీల్సు, ఊపిరి పీల్సు" అంటున్నాడు. ఆ మాట దారి పొడుగునా వినపడింది. దవాఖాన ఇంకా కాస్త దూరం ఉందనగా ఆగిపోయింది. లాల్ అహ్మద్ వెనక్కి తిరగలేదు. దవాఖాన గేటు దాకా ఆటోను అదే వేగంతో తీసుకుపోయాడు. లోపల గుండె కొట్టుకోవడం చూపే తెర మీద గీత చూసి, చేయాల్సిందేదో చేశారు. బయటికి వచ్చి చెప్పారు.

ధరూర్ తీసుకొచ్చి మట్టి చేశారు. బాలస్వామి కూడా వచ్చాడు. ఎవరు చెప్పారో, అతనికి రోగం సంగతి తెలిసింది. లాల్ అహ్మద్ చెయ్యిని రెండు చేతులతో పట్టుకున్నాడు, తర్వాత మిగతావాళ్ళతో పాటు మూడు పిడికిళ్ళ మట్టి వేసి పోయాడు. ఇష్రత్ తండ్రిని ఒక్కటే అడిగింది: "నువ్వు సీసా తెరిచి సూడలేదా నాయినా?" అతను లేదన్నాడు. ఆ తర్వాత ఆమె అతనితో చాలా రోజులు ముక్తసరిగానే మాట్లాడింది.

నలభయ్యో నాటి ఫాతెహా ప్రార్థన అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, పర్వేజ్ ఒక్కడూ ఆగాడు. ఇంటి ముందు ఆటో పక్కన నిలబడి, నేల చూస్తూ అడిగాడు.

"నేను పిలవకుంటే బతికుంటుండె గదా బావా?"

లాల్ అహ్మద్ కాదనలేదు. ఆటో అద్దం మీద దుమ్ము తుడిచాడు.

"పిలవకుంటే కొన్నేండ్లు ఉంటుండెనేమో. తమ్ముడు పిలవలేదని ఏడ్సుకుంట ఉంటుండె. నేను గట్టిగ అడ్డం పడాలె, పడలే. సీసా సూడాలె, సూడలే. తప్పు నీదొక్కనిదే అని ఎట్ల జెప్తరా పర్వేజ్?"

గద్వాలకు పోయే మనుషులు రోడ్డు మీద చేరుతున్నారు. లాల్ అహ్మద్ తాళం తిప్పి, ముందు సీటు చూపించాడు. పర్వేజ్ ఎక్కి కూర్చున్నాడు. వెనక సీట్లో సవారీలు నిండాక ఆటో గద్వాల బస్టాండు దారి పట్టింది.